గజ ఈతగాళ్లు ముందుగాల్నే రావాలె

ఎండలు ముదిరినయంటె మన దిక్కు పేపర్ల జిల్లా పేజీల ఒక ముచ్చట ఖాయంగ అచ్చయితది. ఈతకు పోయిన పిల్లలు మునిగిండ్రు, గజ ఈతగాళ్లను పిలిపించిండ్రు, గాలింపు నడుస్తున్నదని. ఊరి పేరు మారుతది, చెరువు పేరు మారుతది, పిల్లల వయసు ఓ రెండేండ్లు అటిటు అయితది. మిగిలిందంత అదే వార్త. చదివినప్పుడల్ల నాకు తట్టేది ఒక్కటే. అంత మంచిగ ఈతొచ్చినోళ్లు పక్కూర్లనే ఉన్నరు. ఫోన్ చేస్తె ఉరికొస్తున్రు. మనమే వాళ్లను పాణం పోయినంక పిలుస్తున్నం.

నిజామాబాద్ టౌన్ల, బోధన్ చెరుకు ఊర్లల్ల ఇంటిల్లిపాది కలిసి పోయి నీళ్లల్ల సల్లవడే జాగ ఎందుకు లేదు, ఉండాలంటె ఏం చెయ్యాలె అన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

నీళ్లకు కొదవ లేదు

మంజీర మీద నిజాంసాగర్ పని 1923ల మొదలై 1931ల పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీర్ కట్టించిండు. ఆ కాల్వ నీళ్లతోని రెండు లక్షల పైచిలుకు ఎకరాలకు తడి అందింది. ఆ తడి ఉన్నందుకే బోధన్ చుట్టుపక్కల చెరుకు వచ్చింది. చెరుకు వచ్చినందుకే శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఉత్తరాన గోదావరి మీద పోచంపాడ్ ఉంది. మనం శ్రీరాంసాగర్ అంటున్నదదే, 1963ల నెహ్రూ పునాదిరాయి వేసిండు. రెంజల్ మండలం కందకుర్తి కాడ గోదావరి, మంజీర, హరిద్ర మూడూ కలుస్తయి. టౌన్‌కు దగ్గర్ల అలీసాగర్ ఉంది, జానకంపేట దిక్కు అశోక్‌సాగర్ ఉంది. టౌన్ల రఘునాథ చెరువు, బోధన్ల బెల్లాల్ చెరువు. ఇగ ఊరూరికి చెరువు సరేసరి.

ఇన్ని నీళ్ల నడుమ బతుకుతున్న జిల్లాల, మే నెల మాపటీలి ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని తోలుకొని పోయి, గుండె దడ లేకుంట నడుముల దాక నీళ్లల్ల నిలవడే జాగ ఒక్కటి చెప్పమంటె మీరేం చెప్తరు? నేను శానమందిని అడిగిన. కొద్దిసేపు ఆలోచన చేసి, అలీసాగర్ అనో అశోక్‌సాగర్ అనో అంటున్రు. ఆడికి పోతె తోటల కూసోవచ్చు, కట్ట మీద తిరగొచ్చు, ఫొటో దిగొచ్చు. ఊర్లల్ల చెరువులను మినీ ట్యాంక్‌బండ్‌లు చేసిన కాడ గూడ అంతే. రేలింగు పెట్టిండ్రు, లైట్లు పెట్టిండ్రు, నడిచెతందుకు బాట ఏసిండ్రు. నీళ్లను మాత్రం దూరంకెల్లి చూసుడే. టౌన్ల ఉన్న నీళ్లయితె దిగే తీరుల గూడ లేవు. ఊరి నడుమల్నుంచి పోయే పూలాంగ్ వాగుల పారేది మోరీల నీళ్లే.

ఎండ ఎవల మీద ఎక్కువ పడ్తుంది

ఏప్రిల్ ఆఖరుకు మన దిక్కు ఎండ 43, 44 డిగ్రీలకు పోతది, కొన్ని దినాలు 45 గూడ తాకుతది. ఆ లెక్క నీడల పెట్టిన థర్మామీటర్‌ది. రేకుల ఇంట్ల చాట ముందల పెట్టుకొని బీడీలు చుట్టే అమ్మకు ఎంత తలుగుతుందో ఆ లెక్కల రాదు. చెరుకు తోటల కలుపు తీసేటోళ్లకు, రైస్‌మిల్లుల బస్తాలు మోసేటోళ్లకు, ఇటుక బట్టీ కాడ ఉన్నోళ్లకు గూడ అంతే. రాత్రి అయినా రేకు సల్లవడదు. కూలర్ తిప్పితె ఉక్కపోత ఇంకింత పెరుగుతది.

ఒంటికి నీళ్లు తగిలితె వచ్చే సుఖం వట్టి సరదా అనుకోవద్దు. గాలికంటె నీళ్లు 20 రెట్లకు పైగ తొందరగ ఒంట్ల వేడిని గుంజుతయి. గాలిల తేమ పెరిగి చెమట ఆరనప్పుడు, ఒళ్లు సల్లవడెతందుకు నీళ్లను మించిన మందు లేదు. అందుకే పిల్లలు ఎంత వద్దన్నా నీళ్ల దిక్కు ఉరుకుతరు. అది వాళ్ల తప్పు కాదు, ఒళ్లు అడుగుతుంది.

పైసలున్నోళ్లకు తొవ్వలున్నయ్. ఇంట్ల ఏసీ ఉంటది, ఐతారం వస్తె కారేసుకొని హైదరాబాద్ వాటర్ పార్కుకు పోతరు. లేకుంటె గంటకింత అని టికెట్ పెట్టిన ప్రైవేట్ కొలను. నలుగురున్న ఇంటికి ఆటో కిరాయి, నాలుగు టికెట్లు, ఆడ ఏసుకునే నైలాన్ బట్టలు కలిపితె దినం కూలి అక్కడ్నే అయిపోతది. పైసలు పెట్టినా ఆడోళ్లకు సుఖం లేదు. నేను చూసిన జాగలల్ల పిల్లలు, నాయినలు నీళ్లల్ల ఉంటరు. అమ్మలు, పెద్దమ్మలు టవాళ్లు, చెప్పులు, ఫోన్లు పట్టుకొని గట్టు మీద కూసుంటరు. వాళ్లకు ఎండ కొట్టదా?

ఇగ పైసలు లేని మగ పోరగాళ్లకు కాల్వ ఉంది, బాయి ఉంది, మంజీర మడుగు ఉంది. పాణానికి తెగించి దుంకుతరు. ఆడపిల్లలకు అది గూడ లేదు. మన ఆడోళ్లు చెరువు కాడికి ఇష్టంగ పోయేది ఏడాదికి ఒకపారి, బతుకమ్మను సాగదోలెతందుకు. అప్పుడు గూడ నీళ్లు పాదాల దాకనే.

ఈత ఎట్ల పోయింది

మన తాతలకు ఈత ఎవలు నేర్పిండ్రు? బాయి నేర్పింది. వీపుకు ఎండిన ఆనిగెపుకాయ కట్టి, నడుముకు తాడు కట్టి, పైకెల్లి మామనో చిన్నాయినో పట్టుకునేది. పది దినాలల్ల పోరడు తేలేది. వెనుక లారీ ట్యూబులు వచ్చినయ్, డబ్బాలు వచ్చినయ్. నేర్పే పద్ధతి మాత్రం అదే. పైన పెద్దమనిషి, చేతుల తాడు.

ఆ రోజులు బంగారం అని నేను అనను. ఎవల బాయిల ఎవలు దిగాలె అన్న కాడ కులం అడ్డం నిలవడ్డది. ఆడపిల్లకు ఆ తాడు కట్టిన ఇండ్లు తక్కువ. గని ఊర్ల సగం మందికన్న ఈతొచ్చేది.

తర్వాత బోర్లు వచ్చినయ్. ఊట కిందికి పోయింది, బాయిలు ఎండినయ్, శానా బాయిలు పూడిపోయినయ్. బాయితోని పాటు బడి గూడ మూతవడ్డట్టయింది. ఇప్పుడు ఇరువై ఏండ్ల తమ్మునికి రీల్స్ తీసుడు వస్తది, బండి నడుపుడు వస్తది, ఈత రాదు. అయినా ఎండకు తాళలేక నీళ్ల కాడికి పోతడు. మునుగుడు ఆడ మొదలైతది.

నీళ్లు గూడ మారినయ్

ఈత పోవుడు ఒక ఎత్తు. మన నీళ్ల అడుగు మారుడు ఇంకో ఎత్తు. ఒకప్పుడు చెరువు శిఖంల దిగితె లోతు మెల్లగ పెరిగేది. మొరం కోసం, ఒండ్రు మట్టి కోసం పొక్లెయిన్లు పెట్టి తవ్వినంక చెరువుల నడుమ నిలువు గుంతలు మిగిలినయ్. మోకాలు లోతుల నడుస్తున్న పిల్లగానికి తర్వాతి అడుగుల మనిషిన్నర లోతు వస్తది. పైన నీళ్లు నిలవడితె కింద గుంత ఉన్నట్టు ఎవలకు తెల్వదు. మంజీరల ఇసుక తీసిన కాడ గూడ అదే కథ.

కాల్వ సంగతి ఇంకో తీరు. సిమెంటు లైనింగు చేసిన కాల్వకు గోడలు ఏటవాలు, నాచు పట్టి జారుతయి. మెట్లు ఉండవు, పట్టుకునెతందుకు ఏం దొరకది. పైకెల్లి చూస్తె నీళ్లు నిమ్మళంగ పోతున్నట్టే ఉంటయి. దిగినంక తూము దిక్కు గుంజుకపోతయి.

మూడోది ఘాట్లు. 2015 గోదావరి పుష్కరాలకు మన తీరం పొంటి మెట్లు కట్టిండ్రు. ఆ పన్నెండు దినాలు పోలీసులు, పడవలు, ఈతగాళ్లు, మైకులు, అన్నీ ఉన్నయ్. పదమూడో దినం అందరు ఇంటికి పోయిండ్రు, మెట్లు మాత్రం ఉన్నయ్. 2021 ఏప్రిల్ 2న పోచంపాడ్ కాడ గోదావరిల స్నానానికి దిగిన ఆరుగురు ఒకటే దినం మునిగి సచ్చిపోయిండ్రు. 2025 జూన్ 15న మన అవతలి ఒడ్డు బాసరల హైదరాబాద్ నుంచి వచ్చిన ఐదుగురు పోరగాళ్లు పోయిండ్రు. అదే ఏడాది జనవరిల కొండపోచమ్మసాగర్‌ల ఐదుగురు. ఇసొంటి కాడ శానాసార్లు జరిగేది ఒకటే. ఒకరు జారుతరు, ఆయనను పట్టుకునెతందుకు ఇంకొకరు, ఆ ఇద్దరి కోసం మూడో మనిషి. ప్రేమ ఉన్నందుకే అందరు పోతున్రు.

మన ఒక్క జిల్లా గోస కాదిది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల 2022ల దేశంల నీళ్లల్ల మునిగి సచ్చిపోయినోళ్లు 38,503 మంది. అంటె దినానికి వందకు పైగ.

సచ్చినంక ఇచ్చే పైసలు

2025 ఏప్రిల్‌ల మన రాష్ట్ర సర్కార్ వడగాడ్పును రాష్ట్ర విపత్తు అని ప్రకటించింది. వడదెబ్బకు సచ్చిపోతె ఇంటోళ్లకు 4 లక్షలు ఇస్తమన్నది. అంతకు ముందు 50 వేలే ఉండె. మంచి నిర్ణయమే, కాదనను. గని వడదెబ్బ తాకకముందు మనిషి సల్లవడెతందుకు ఏం పెట్టిండ్రంటె చలివేంద్రం కుండ, ఓఆర్ఎస్ ప్యాకెట్, పగటీలి బయటికి రావద్దని సెల్లుకు ఒక మెసేజ్. రేకుల కింద ఉన్నోళ్లు ఇంట్ల ఉంటె గూడ ఎండే.

నీళ్ల కాడికి వస్తె సర్కార్ పెట్టేది ఒక బోర్డు. లోతు ఎక్కువుంది, ఈత కొట్టొద్దు. ఆ బోర్డుతోని ఆఫీసర్ మీద మాట రాకుంటది. చదివిన పిల్లగాడు మాత్రం అక్కడికి ఎందుకు వచ్చిండో అందుకే దుంకుతడు, ఎందుకంటె ఇంకో జాగ చూపెట్టలేదు. ఈడ వద్దు అని చెప్పినోళ్లు ఆడికి పో అని చెప్పే జాగ ఒకటి ఉంటేనే ఆ బోర్డుకు విలువ.

వేరే కాడ ఏం చేసిండ్రు

బంగ్లాదేశ్ మనలాంటి దేశమే, మనకంటె బీదది. ఆడ కొలనులు కట్టలేదు. ఊరి చెరువుల ఒక మూలకు వెదురు బొంగులతోని చదరంగ కట్టి, కింద వెదురు తడక పరిచి, పిల్లల నడుము లోతుకు సరిపోయే జాగ చేసిండ్రు. 4 నుంచి 12 ఏండ్ల పిల్లలకు ఆడ ఈత నేర్పిండ్రు, ఆడపిల్లలకు గూడ. ఆ కార్యక్రమం పేరు స్విమ్‌సేఫ్. నేర్సుకున్న పిల్లలల్ల మునుగుడు చావులు 90 శాతానికి పైగ తగ్గినయని అధ్యయనంల తేలింది. మన దేశంల బిహార్ విపత్తు నిర్వహణ సంస్థ సురక్షిత్ తైరాకీ పేరు మీద పల్లె పిల్లలకు ఈత నేర్పిస్తుంది.

పెద్ద దేశం ముచ్చట గూడ చెప్త. పారిస్ల సీన్ నదిల ఈతను 1923ల బందువెట్టిండ్రు. ఇక్కడ నిజాంసాగర్ పని మొదలైన ఏడే. వందేండ్ల తర్వాత, నదిని సాఫ్ చేసి, 2025 జులైల మూడు జాగలల్ల జనానికి ఫుకట్‌ల తెరిచిండ్రు. నది మొత్తం తెరవలేదు. తేలే గుండ్లతోని హద్దు గీసిండ్రు, కాపలా ఈతగాళ్లను పెట్టిండ్రు. నీళ్లు మురికైన దినం మూస్తరు. మన కాడ చెయ్యాల్సింది గూడ ఇదే. చెరువు మొత్తం ఎవలూ అడుగుతలేరు, ఒక మూల సాలు.

మన చెరువుల ఎట్ల చెయ్యొచ్చు

మనకు సగం పని ఇప్పటికే అయింది. మిషన్ కాకతీయను 2015 మార్చిల మన ఉమ్మడి జిల్లా సదాశివనగర్‌లనే మొదలుపెట్టిండ్రు. ఆ తర్వాత శానా చెరువులకు బతుకమ్మ ఘాట్లు వచ్చినయ్. మెట్లు ఉన్నయ్, తొవ్వ ఉంది, లైటు ఉంది. చెయ్యాల్సింది నాలుగు పనులు.

ఒకటి, ఘాట్ ముందల గుంత లేకుంట మొరం నింపి, ఇసుక పరిచి సాఫు జేసి, ఒక గుంట జాగంత పెద్దోళ్ల నడుముకు మించని లోతు ఉంచాలె. దాని చుట్టు జాలీ, తేలే డబ్బాల తాడు. చిన్న పిల్లలకు మోకాలు లోతు జాగ ఏరే ఉండాలె.

రెండు, ఆ ఊరి గంగపుత్రులనో ముదిరాజులనో, మత్స్య సంఘంల ఈతొచ్చినోళ్లను, జీతం మీద పెట్టాలె. ఆ చెరువు అడుగు వాళ్లకు తెల్సినంత ఇంజనీర్‌కు తెల్వదు. శవం దేవులాడెతందుకు నడిరాత్రి పిలిచేటోళ్లను, మాపటీలి రెండు గంటలు గట్టు మీద కూసోవెట్టెతందుకు పిలువలేమా? ఒక లెక్క చెప్త. మనిషికి దినానికి 600 అనుకుందాం. ఉపాధి కూలి 2025-26ల 307 రూపాయలు, దానికి దగ్గరదగ్గర రెండింతలన్నట్టు. నలుగురు మనుషులు, 60 దినాలు. మొత్తం 1,44,000. ఒక్క వడదెబ్బ చావుకు ఇచ్చే పరిహారంల సగం గూడ కాదు.

మూడు, ఆడోళ్లకు ఏరే టైం. వారంల మూడు మాపులు ఆడోళ్లకు, పిల్లలకు. బట్టలు మార్సుకునే అర్ర, పర్దా, కాపలాకు ఆడమనిషి. చీర మీద దిగుతనంటె దిగనియ్యాలె, సల్వార్ మీద దిగుతనంటె దిగనియ్యాలె. నైలాన్ డ్రెస్ రూల్ పెడితె మన అమ్మలు మల్ల గట్టు మీదనే మిగులుతరు.

నాలుగు, పొద్దుగాల పిల్లలకు ఈత నేర్పుడు. మన జిల్లా ఆడపిల్ల మాలావత్ పూర్ణ పదమూడేండ్లకు, 2014 మే నెల్ల, ఎవరెస్ట్ ఎక్కింది. నిఖత్ జరీన్ 2022ల, 2023ల బాక్సింగ్‌ల ప్రపంచ ఛాంపియన్ అయింది. నేర్పేటోళ్లు దొరికితె మన పోరిలు ఏడి దాక పోతరో ఇంకా రుజువు చెయ్యనక్కర లేదు. ఎవరెస్ట్ ఎక్కిన పిల్ల పుట్టిన జిల్లాల ఊరి చెరువుల తేలుడు రాకుంట ఆడపిల్లలు పెరుగుడు అన్యాయం.

అడిగేటోళ్లు అడుగుతరు

ఎండకాలం చెరువుల నీళ్లెక్కడియి అంటరు. అన్నిట్ల ఉండయి, నిజమే. గని నిజాంసాగర్ కాల్వ కింద, శ్రీరాంసాగర్ కింద చెరువులను యాసంగిల కాల్వ నీళ్లతోని నింపుతున్రు. మండలానికి ఒకటి, నీళ్లు నిలిచే చెరువు చూసుకుంటె సాలు. మోరీ నీళ్లు కలిసే చెరువును ముట్టొద్దు. తెరిచే ముందు నీళ్లు పరీక్ష చేపియ్యాలె.

తాగుబోతులు వస్తరు, లొల్లి అయితది అంటరు. ఎవలూ లేని గట్టు మీదనే సీసాలు తేలుతయి. పది కుటుంబాలు కూసున్న కాడ సీసా తియ్యాలంటె వానికే సిగ్గయితది.

ఏమన్న అయితె జిమ్మేదారి ఎవలది అంటరు. ఇది అసలు ప్రశ్న. ఇప్పుడు జిమ్మేదారి ఎవల మీద లేదు, అందుకే పిల్లలు పోతున్రు. ఇది కలెక్టర్ ఆర్డర్ తోని, పంచాయతీ తీర్మానం తోని, నీటిపారుదల శాఖ ఒప్పుదల తోని నడవాలె. ఆడ కాపలా ఉన్న మనిషికి బీమా ఉండాలె. షుగర్ ఫ్యాక్టరీని నష్టాల పేరు మీద 2002ల ప్రైవేటోళ్లకు అప్పజెప్పిండ్రు, 2015 డిసెంబర్‌ల లేఆఫ్ పెట్టి మూసిండ్రు. పది మందికి పనికొచ్చేది ఒక్కపారి చేజారితె ఎంత కొట్లాడినా తిరిగి రాదని బోధనోళ్లకు ఇంకొకరు చెప్పనక్కర లేదు. చెరువు ఇంకా ఊరిదే. ఊరిదిగ ఉన్నప్పుడే అడగాలె.

అప్పటి దాక జెర పైలం

ఇయ్యన్నీ అయ్యే దాక మనం నీళ్ల కాడికి పోకుంట ఉండమని నాకు తెల్సు. అందుకే నాలుగు మాటలు గుర్తువెట్టుకోండ్రి. తెల్వని నీళ్లల్ల తల కిందికి పెట్టి దుంకొద్దు. కాల్వల దిగనే దిగొద్దు. ఒకరు మునుగుతుంటె ఉరికి దుంకొద్దు. చున్నీ, లుంగీ, తాడు, మూత వెట్టిన ఖాళీ క్యాన్, బండి ట్యూబు, ఏది దొరికితె అది ఇసిరి ఒడ్డు మీద పండుకొని గుంజాలె. బయటికి తీసినంక కడుపు ఒత్తుడు, తలకిందులు చేసి తిప్పుడు, ఉప్పుల పెట్టుడు, ఇయ్యన్ని టైం తినే పనులు. శ్వాస ఆడకుంటె నోట్లె నోరు వెట్టి గాలి ఊదాలె, ఛాతీ నడుమ గట్టిగ, ఆపకుంట ఒత్తాలె, 108కు ఇంకొకరు ఫోన్ చెయ్యాలె. ఈ పని పీహెచ్‌సీ నర్సు అక్కను అడిగితె చూపెడ్తది. యూత్ సంఘం పోరగాళ్లు ఒక మాపు కూసోని నేర్సుకోవచ్చు.

2027ల మల్ల గోదావరి పుష్కరాలు వస్తున్నయ్. కందకుర్తి కాడ, పోచంపాడ్ కాడ ఘాట్లకు పైసలు వస్తయి, టెండర్లు అయితయి. పన్నెండు దినాల కోసం కట్టే ఆ మెట్లకు గొలుసులు, లోతు గుర్తులు, ఆడోళ్ల అర్రలు, పదమూడో దినం తర్వాత గూడ ఉండే కాపలా మనిషి కావాలని ఇప్పుడే అడగాలె. 2025 డిసెంబర్‌ల పంచాయతీ ఎన్నికలయి సర్పంచులు కొత్తగ వచ్చిండ్రు. తమ్మీ, చెల్లె, మీ ఊరి గ్రామసభల ఒక్క కాయితం రాసియ్యండ్రి. మా బతుకమ్మ ఘాట్ ముందల గుంత పూడ్పించుండ్రి, మా ఊరి ఈతగాళ్లకు రెండు నెలల జీతం ఇయ్యుండ్రి అని. కింద ఆడోళ్ల సంతకాలు ముందు పెట్టియ్యండ్రి.